కౌమార పాఠకుల మాట: యంగ్ అడల్ట్ నవల పుట్టుపూర్వోత్తరాలు

12 నుంచి 18 ఏళ్ల లోపు పాఠకులను దృష్టిలో పెట్టుకుని, ఆ వయసువారినే ప్రధాన పాత్రలుగా నిలిపి, చాలావరకు వారి గొంతుతోనే కథ చెప్పించే నవలను ఇంగ్లీషు ప్రచురణ రంగంలో యంగ్ అడల్ట్ నవల అంటారు. అమెరికాలో స్థిరపడి అక్కడి నుంచి ఇతర దేశాలకు పాకిన ఈ ప్రక్రియ చరిత్రను సాధారణంగా పేరున్న రచయితల వరుసగానో, అమ్మకాల లెక్కగానో చెబుతుంటారు. అలా చెప్పినప్పుడు ఒక ముఖ్యమైన పక్షం మరుగున పడిపోతుంది. పుస్తకం చదివి మూసిన కుర్రవాడో అమ్మాయో బాగుందనో, విసుగు పుట్టిందనో, ఆ ఇద్దరికీ పెళ్లి చేసి ఉండాల్సిందనో అలవోకగా అనేసిన మాట ఈ ప్రక్రియను ఎన్నోసార్లు మలుపు తిప్పింది. విమర్శకుల వ్యాసాలకుండే పద్ధతి ఆ మాటకు ఉండదు, కారణాలు విడమరిచే ఓపికా ఉండదు. అయినా ఎవరో ఒక పెద్దవారు దాన్ని చెవినిపెట్టి, విలువైనదిగా ఎంచి, కాగితం మీదికి ఎక్కించిన కాలాలే ఈ నవలకు మంచి కాలాలయ్యాయి.

కౌమార పాఠకులను వేరే వర్గంగా గుర్తించడం మాత్రం వారి మాట వినడానికి చాలా ముందే మొదలైంది. ఇంగ్లండులో సారా ట్రిమ్మర్ అనే విద్యావేత్త 1802 నుంచి 1806 వరకు 'ది గార్డియన్ ఆఫ్ ఎడ్యుకేషన్' అనే పత్రికను నడిపి, పిల్లల పుస్తకాలను క్రమం తప్పకుండా సమీక్షించే సంప్రదాయానికి పునాది వేసింది. 14 ఏళ్ల లోపు వారిని బాలలుగానూ, 14 నుంచి 21 మధ్య వారిని యువజనులుగానూ విడదీసి, రెండు వర్గాల పుస్తకాలనూ వేర్వేరుగా తూచడం ఆమె చేసిన కొత్త పని. అయితే ఆమె తూనిక పూర్తిగా మతం, నీతి అనే రెండు రాళ్లతోనే సాగింది. ఏ పుస్తకం ప్రమాదకరమో తల్లిదండ్రులకు చెప్పడమే ఆ పత్రిక ధ్యేయం గనుక, చదివేవారి ఇష్టాయిష్టాలను అడగాలన్న ఆలోచనకు అందులో చోటు లేకపోయింది.

ఆ చోటు దొరికిన తొలి సందర్భాల్లో ప్రసిద్ధమైనది లూయిసా మే ఆల్కాట్ రాసిన 'లిటిల్ విమెన్'. బోస్టన్‌లోని రాబర్ట్స్ బ్రదర్స్ సంస్థలో పనిచేసే థామస్ నైల్స్ ఆడపిల్లల కోసం ఒక పుస్తకం రాసిపెట్టమని అడిగితే, అంతగా ఇష్టం లేకుండానే ఆమె 1868లో ఆ పనికి పూనుకుంది. తొలి ప్రకరణాలు పంపినప్పుడు అవి చప్పగా ఉన్నాయని నైల్స్‌కు తోచింది, ఆల్కాట్‌కూ అలాగే అనిపించింది. నైల్స్ ఆ రాతప్రతిని తన మేనకోడలి చేత చదివించాడు, ఆ అమ్మాయి దాన్ని వదలకుండా చదివి మెచ్చుకుంది. వ్యాపారం తెలిసిన ప్రచురణకర్త అంచనా కంటే చదివే వయసులో ఉన్న పిల్ల అభిప్రాయం నమ్మదగినదని ఆ సంవత్సరం సెప్టెంబరు 30న వెలువడిన పుస్తకం కొద్ది వారాల్లోనే రుజువు చేసింది. మొదటి భాగం చేతికందగానే పాఠకురాళ్ల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నలుగురు అక్కాచెల్లెళ్లలో ఎవరికి ఎవరితో పెళ్లవుతుంది, ముఖ్యంగా రచయిత్రి కావాలని కలలుగనే జో పక్కింటి లారీని చేసుకుంటుందా లేదా అన్నదే వారి ప్రశ్న. స్త్రీ జీవితానికి పెళ్లొక్కటే గమ్యమైనట్లు ఈ ప్రశ్నలేమిటని ఆల్కాట్ తన దినచర్యలో విసుక్కుంది, ఎవరి తృప్తి కోసమూ జోను లారీకి ఇవ్వనని రాసుకుంది.

1869లో వచ్చిన రెండో భాగంలో జో తనకంటే వయసులో బాగా పెద్దవాడైన జర్మన్ ఆచార్యుణ్ణి పెళ్లాడుతుంది. జోను పెళ్లి లేకుండా రచయిత్రిగానే ఉంచేద్దామనుకున్నాననీ, అమ్మాయిల పోరు భరించలేక పెళ్లయితే చేశాను గానీ వారు కోరిన వరుణ్ణి మాత్రం ఇవ్వలేదనీ ఆల్కాట్ ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఒప్పుకుంది. ఆ ముగింపు మీద పాఠకుల్లో నేటికీ తగవు తీరలేదు. సాహిత్య చరిత్రలో ఈ ఘట్టానికి ఇవ్వాల్సినంత ప్రాధాన్యం ఇవ్వలేదనే చెప్పాలి. రచయిత్రికి ఒక ఉద్దేశం, పాఠకురాళ్లకు మరో కోరిక ఉండగా, ఆ రెండింటి పెనుగులాటలోంచి ఇద్దరూ ముందు తలచని మూడో కథ పుట్టింది. కౌమార పాఠకులు రాసిన సాదాసీదా ఉత్తరాలు ఒక ప్రసిద్ధ నవల కథాగమనాన్ని మార్చాయనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అరుదు.

19వ శతాబ్దం ముగిసేనాటికి అమెరికాలో కౌమారం అనే దశకే కొత్త గుర్తింపు వచ్చింది. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జి. స్టాన్లీ హాల్ 1904లో 'అడోలసెన్స్' అనే రెండు సంపుటాల గ్రంథం వెలువరించి, బాల్యానికీ యౌవనానికీ నడుమ ఉండే సంక్షోభ కాలాన్ని ప్రత్యేక దశగా చర్చకు తెచ్చాడు. శాస్త్రం కంటే పెద్ద మార్పు తెచ్చింది హైస్కూలు. 14 నుంచి 17 ఏళ్ల వయసువారిలో 1900 ప్రాంతంలో దాదాపు పదిమందికి ఒకరే హైస్కూల్లో ఉంటే, 1940 నాటికి ఆ సంఖ్య ఏడుగురు దాటింది. పొలాల్లోనూ మిల్లుల్లోనూ పెద్దల సరసన గడపవలసిన వయసును పిల్లలు తమ ఈడువారితో ఒకే కప్పు కింద గడపడం వల్ల వారికంటూ ఒక భాష, ఒక వేషం, ఒక అభిరుచి ఏర్పడ్డాయి. పుస్తకం చేతులు మారడానికీ, దాని గురించి ఒకరితో ఒకరు వాదించుకోవడానికీ అవసరమైన గుంపు అప్పుడే తయారైంది.

ఆ గుంపు ఏం చదువుతోందో చూసి పెద్దలు కంగారుపడ్డారు. ఎడ్వర్డ్ స్ట్రాటెమెయర్ అనే వ్యాపారదక్షుడు కథల నమూనాలు తానే అల్లి, స్థిరమైన మొత్తానికి అజ్ఞాత రచయితల చేత నవలలు రాయించి, కల్పిత రచయితల పేర్లతో వరుసలు వరుసలుగా అమ్మేవాడు. 1910లో మొదలైన టామ్ స్విఫ్ట్, 1927 నాటి హార్డీ బాయ్స్, 1930 నాటి నాన్సీ డ్రూ ఆ కార్ఖానా సరుకే. ఈ చవక పుస్తకాలు పిల్లల ఊహాశక్తిని మందుగుండులా పేల్చేస్తున్నాయని బాయ్ స్కౌట్స్ సంస్థ ప్రధాన గ్రంథాలయాధికారి ఫ్రాంక్లిన్ మాథ్యూస్ 1914లో హెచ్చరించాడు. పెద్దల తీర్పు ఇంత గట్టిగా వినిపిస్తున్న కాలంలోనే చికాగో సమీపంలోని విన్నెట్కా పట్టణ పాఠశాలల అధిపతి కార్ల్‌టన్ వాష్‌బర్న్, ఆయన సహచరి మేబెల్ వోగెల్ ఒక సాహసం చేశారు. 34 నగరాల్లో 36 వేలకు పైగా విద్యార్థులకు చీటీలు పంచి, చదివిన ప్రతి పుస్తకం ఎంతగా నచ్చిందో గుర్తుపెట్టమని, తోచిన మాట నాలుగు ముక్కల్లో రాయమని అడిగారు. ఆ చీటీలను వడగట్టి కూర్చిన 'విన్నెట్కా గ్రేడెడ్ బుక్ లిస్ట్'ను 1926లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ప్రచురించింది. నిపుణులు తక్కువరకంగా ఎంచిన పుస్తకాలకు కూడా పిల్లలు మంచి మార్కులే వేయడంతో ఆ జాబితా మీద గ్రంథాలయ వర్గాల్లో పెద్ద వాదమే చెలరేగింది. వాదంలో ఎవరి పక్షం సరైనదైనా, పిల్లల నోటి మాటను అంత పెద్ద ఎత్తున పోగుచేయడమే గౌరవించదగిన పని.

యంగ్ అడల్ట్ అనే వర్గానికి నిజమైన పుట్టిల్లు ప్రజా గ్రంథాలయం. పిల్లల విభాగం దాటిన కుర్రవాళ్లు పెద్దల అరల దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడి, అక్కడ ఏది ఎంచుకోవాలో తెలియక, మళ్లీ గ్రంథాలయం ముఖం చూడకుండా పోతున్నారని మొదట గుర్తించింది అక్కడి ఉద్యోగినులే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1919లో చేరిన మేబెల్ విలియమ్స్ హైస్కూళ్లతో సంబంధాలు కలిపి, 1929 నుంచి ఈ వయసువారికి తగిన పుస్తకాల వార్షిక పట్టిక వెలువడేలా చేసింది. ఆమె దగ్గర పని నేర్చిన మార్గరెట్ స్కాగిన్ మరో అడుగు వేసి, 1940లలో న్యూయార్క్ రేడియోలో హైస్కూలు విద్యార్థుల చేతనే కొత్త పుస్తకాలను సమీక్షింపజేసింది. రచయితను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నచ్చని చోటు నచ్చలేదని చెప్పే అవకాశం ఆ పిల్లలకు దొరికింది. అంతవరకు కాగితం మీదనే ఉన్న వారి అభిప్రాయానికి ఆ కార్యక్రమంతో గొంతు వచ్చింది.

బాల్టిమోర్‌లోని ఈనాక్ ప్రాట్ గ్రంథాలయంలో మార్గరెట్ ఎడ్వర్డ్స్ చేసిన కృషి మరింత లోతైనది. అంతకుముందు బడిలో పాఠాలు చెప్పిన ఈమె 1932లో అక్కడ చేరి, కౌమార పాఠకుల కోసం ఒక మూల కొన్ని అరలు సర్దడంతో ప్రారంభించి, ముప్పై ఏళ్లు ఆ పని మీదే నిలిచింది. తన కింద చేరిన ప్రతి ఉద్యోగినీ వందల పుస్తకాలు స్వయంగా చదివి వచ్చి తన ఎదుట పరీక్షకు నిలవాలన్నది ఆమె నియమం. తాను చదవని పుస్తకాన్ని మరొకరికి చదవమని చెప్పే హక్కు గ్రంథాలయ ఉద్యోగికి లేదని ఆమె గట్టిగా నమ్మింది. ఆమె బలగం పుస్తకాలు చంకన పెట్టుకుని హైస్కూలు తరగతులకు వెళ్లి, ఒక్కో నవల గురించి కొద్ది నిమిషాలు ఊరించేలా మాట్లాడి, అసలు పట్టు దగ్గర ఆపేసి వచ్చేది. బుక్ టాక్ అనే పేరుతో ఆ పద్ధతి నేటికీ అమెరికా బడుల్లో సాగుతోంది. గ్రంథాలయం గడప తొక్కని పేదల వాడలకు 1940లలో ఆమె ఒక గుర్రపు బండిని బాడుగకు మాట్లాడి, దాన్ని పుస్తకాలతో నింపి, వీధి వీధికీ తిప్పింది. కాయగూరల బండ్లు తిరిగే ఆ సందుల్లో పుస్తకాల బండి చుట్టూ మూగిన పిల్లలు ఏది చేతికి తీసుకున్నారో, ఏది అట్ట చూసి పక్కన పెట్టేశారో కళ్లారా చూసిన అనుభవమే ఆమెకు విమర్శ శాస్త్రం. ఆ అనుభవసారాన్ని 1969లో ఆమె గ్రంథరూపంలో పెట్టింది. 1957లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో యంగ్ అడల్ట్ సేవలకు ప్రత్యేక విభాగం ఏర్పడడం వెనుక ఇటువంటి ఉద్యోగినుల చెమట ఉంది.

ఈ అరలు నిండిన తొలినాళ్లలో వాటిపై ఉన్నవి చాలావరకు పెద్దల కోసం రాసిన పుస్తకాలే. ఐర్లండులో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన మౌరీన్ డేలీ కళాశాల విద్యార్థినిగా ఉండగా రాసిన 'సెవెంటీంత్ సమ్మర్' 1942లో పెద్దల నవలగానే మార్కెట్‌కు వచ్చింది. పదిహేడేళ్ల అమ్మాయి తొలి ప్రేమ కథ కావడంతో ఆ ఈడు అమ్మాయిలు దాన్ని తమదిగా చేసుకున్నారు. 1951 నాటి 'ది క్యాచర్ ఇన్ ది రై' సంగతీ అంతే. ప్రచురణకర్తలు మాత్రం ఈ పాఠకుల మనసు కనిపెట్టలేక, హైస్కూలు నాట్య విందులూ, ఆటల పోటీలూ, తొలి కారూ చుట్టూ తిరిగే మెత్తని కథలనే ఏళ్ల తరబడి అందించారు.

వాటిని తోసిపుచ్చిన గొంతు కూడా ఒక పాఠకురాలిదే కావడం గమనించదగినది. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో హైస్కూలు చదువుతున్న ఎస్. ఇ. హింటన్, తన బడిలో పేద కుర్రాళ్లకూ డబ్బున్నవాళ్లకూ మధ్య నిత్యం జరిగే కొట్లాటలు ఏ పుస్తకంలోనూ కనబడకపోవడంతో, తానే కలం పట్టి 'ది అవుట్‌సైడర్స్' రాసింది. 1967లో వైకింగ్ సంస్థ దాన్ని ప్రచురించే నాటికి ఆమెకు 18 ఏళ్లు. ఆడపిల్ల రాసిందని తెలిస్తే మగ సమీక్షకులు చిన్నచూపు చూస్తారని పేరును పొడి అక్షరాలకు కుదించారు. అదే సంవత్సరం ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పుస్తక అనుబంధంలో ఆమె రాసిన వ్యాసం, పిల్లలకు తీపి కథలు చాలించి వారు బతుకుతున్న లోకాన్ని చూపమని పెద్దలను నిలదీసింది. ఈ ప్రక్రియకు ప్రణాళిక వంటిది ఏదైనా ఉందంటే ఆ చిన్న వ్యాసమే. కోటికి పైగా ప్రతులు అమ్ముడైన ఆ నవల సినిమాగా మారిన తీరు కూడా పాఠకుల చేతి చలవే. 1980లో కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రెస్నోలోని లోన్ స్టార్ పాఠశాల విద్యార్థులు ఈ పుస్తకాన్ని తెరకెక్కించగలవాడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా అని తేల్చుకుని, సంతకాలు చేసిన వినతిపత్రాన్ని తమ గ్రంథాలయ బాధ్యురాలి ఉత్తరంతోనూ, నవల ప్రతితోనూ కలిపి ఆయనకు పంపారు. 'ది గాడ్‌ఫాదర్' తీసిన దర్శకుడు బడిపిల్లల సిఫారసును పెడచెవిన పెట్టకుండా నవల చదివాడు, టల్సాలోనే చిత్రీకరణ జరిపాడు, 1983లో విడుదలైన సినిమాను ఆ పాఠశాలవారికే అంకితం చేశాడు.

1970ల రచయితలు పాఠకులతో పెట్టుకున్న సంబంధం మరింత ఆత్మీయమైనది. మసాచుసెట్స్‌లో పత్రికా విలేకరిగా పనిచేసిన రాబర్ట్ కార్మియర్ 1974లో 'ది చాకొలేట్ వార్' రాశాడు. బడి నిధుల కోసం చాకొలేట్లు అమ్మనని మొండికేసిన విద్యార్థి ఒంటరిగా ఓడిపోయే ఆ కథ ముగింపు నచ్చక పలు సంస్థలు తిప్పిపంపినా, ఆయన దాన్ని మార్చలేదు. 1977 నాటి 'ఐ యామ్ ది చీజ్' నవలలో కథానాయకుడు ఏమీ హెర్ట్జ్ అనే స్నేహితురాలికి ఫోను చేసే చోట కార్మియర్ తన ఇంటి అసలు నంబరే వేశాడు. అనుమానం వచ్చి ఆ నంబరుకు ఫోను చేసిన పిల్లలు ఏమీ ఉందా అని అడిగితే, తాను ఆమె తండ్రినన్నట్లు బదులిచ్చి, ఆ తర్వాత నవల గురించి తీరిగ్గా కబుర్లాడేవాడు. ఏళ్ల తరబడి వచ్చిన ఆ ఫోను కాల్స్‌ను బరువుగా తలచని రచయిత ఔదార్యం ఈ చరిత్రలో ఎంతో హృద్యమైన అధ్యాయం. జూడీ బ్లూమ్ విషయంలో ఆ బంధం ఉత్తరాల రూపం దాల్చింది. ప్రేమించుకున్న యువతీయువకులు శరీరంతో దగ్గరైనా ఘోరమైన శిక్షకు గురికాని కథ ఒకటి కావాలని కూతురు అడగడంతో ఆమె 1975లో 'ఫరెవర్' రాసింది. ఇంట్లో చెప్పుకోలేని సంగతులను వేలాది పిల్లలు ఆమెకు రాశారు. వాటిలో కొన్నింటిని ఎంచి 1986లో ఆమె ఒక పుస్తకంగా కూర్చింది. ఈ ఇద్దరి నవలలనూ అరల నుంచి తీసేయమని పెద్దలు పెట్టిన ఫిర్యాదులు ఎన్నంటే, 1990ల దశాబ్దానికి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తయారుచేసిన అభ్యంతరాల జాబితాలో 'ది చాకొలేట్ వార్', 'ఫరెవర్' రెండూ మొదటి పదిలో నిలిచాయి. పిల్లలు దాచుకుని చదివిన పుస్తకాలూ, పెద్దలు దాచాలనుకున్న పుస్తకాలూ తరచు ఒకటే కావడం ఈ జాబితాలు చెప్పే నిజం.

తెలుగునాట ఈ వయసుకంటూ వేరే అర ఏర్పడలేదు. మార్క్ ట్వేన్ రాసిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలనూ, స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్'ను 'కాంచన ద్వీపం'గానూ నండూరి రామమోహనరావు తెనిగించడం వల్ల ఆ రుచి కొంత అందినా, 'చందమామ' దాటిన పిల్లలు సాధారణంగా కొమ్మూరి సాంబశివరావు, మధుబాబుల డిటెక్టివ్ నవలల్లోకే నేరుగా అడుగుపెట్టారు. వారికి గ్రంథాలయం అద్దె పుస్తకాల దుకాణమే. అక్కడి పుస్తకాల ఆఖరి పుటల్లోనూ, అంచుల్లోనూ ముందు చదివినవారు పెన్సిలుతో రాసిపెట్టిన పొగడ్తలూ, తిట్లూ, హంతకుడెవరో ముందే చెప్పేసే దుశ్చర్యలూ తెలుగు కౌమార పాఠకుల అభిప్రాయాలకు మిగలాల్సిన ఆధారాలు. వాటిని సేకరించే వాష్‌బర్న్ ఇక్కడ లేకపోవడం నష్టమే.

అమెరికాలో మాత్రం సేకరణ సంప్రదాయమైంది. అయోవా విశ్వవిద్యాలయంలో జి. రాబర్ట్ కార్ల్‌సెన్ 1970లలో హైస్కూలు విద్యార్థులకు కొత్త పుస్తకాలు ఇచ్చి, వారి ఓట్లతో జాబితాలు తయారుచేశాడు. అటుపై ఈ నవల పెద్ద వ్యాపారమైన కథ అందరూ ఎరిగినదే గనుక విస్తరించనక్కరలేదు. 1997లో లండన్‌లో వచ్చిన తొలి 'హ్యారీ పాటర్' పుస్తకానికి కూడా బ్లూమ్స్‌బరీ సంస్థ అధిపతి నైజెల్ న్యూటన్ ఎనిమిదేళ్ల కూతురు ఒక ప్రకరణం చదివి మిగతాది ఏదని మారాం చేయడమే ఊతమైంది. నైల్స్ మేనకోడలి తీర్పుకూ ఈ తీర్పుకూ మధ్య దాదాపు 130 ఏళ్లు. 2005లో 'ట్వైలైట్', 2008లో 'ది హంగర్ గేమ్స్' వచ్చాక పెద్దలు కూడా ఈ అరల వైపు మళ్లారు. 12 నుంచి 17 ఏళ్ల వారికని ముద్రించే పుస్తకాల కొనుగోలుదారుల్లో 55 శాతం 18 ఏళ్లు నిండినవారేనని 2012లో బౌకర్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ తేల్చింది. పెద్దలు పిల్లల పుస్తకాలు చదవడం సిగ్గుచేటా కాదా అన్న చర్చ ఆ తర్వాత పత్రికల్లో చాలాకాలం నడిచింది గానీ, అది అసలు ప్రశ్న కాదు. కొనేవారూ, సమీక్షించేవారూ, బహుమతులు ఇచ్చేవారూ పెద్దలే అయినప్పుడు, రాసేవారు ఎవరి మెప్పు కోసం రాస్తారన్నది ఆలోచించవలసిన విషయం. 15 ఏళ్ల పాత్రలకు 30 ఏళ్ల వారి చింతలూ మాటతీరూ అబ్బుతున్నాయన్న ఫిర్యాదు కౌమార పాఠకుల నుంచే వినబడుతోంది.

యంగ్ అడల్ట్ గ్రంథాలయ సేవల విభాగం 2003 నుంచి నడుపుతున్న 'టీన్స్ టాప్ టెన్' అనే ఏటేటి ఎంపిక ఈ దృష్ట్యా ప్రత్యేకమైనది. గ్రంథాలయాల్లో ఏర్పడిన విద్యార్థి పఠన బృందాలు కొత్త నవలలను చదివి ప్రతిపాదిస్తాయి. 12 నుంచి 18 ఏళ్ల వారు వేసే ఓట్లతో తుది పది ఖాయమవుతాయి. బృందాలను నడిపే గ్రంథాలయ ఉద్యోగులు పుస్తకాలు తెప్పించిపెడతారు, చర్చకు గది తెరిచి ఉంచుతారు, పిల్లలు రాసిన అభిప్రాయాలను ప్రచురణకర్తలకు చేరవేస్తారు. వారికి అందులో ఓటు మాత్రం లేదు.